క్యోక్ ఇంకాస్త చిక్కగా

ఎండ మా ఊళ్ళోకి నడిచి వస్తుంది.

పై నుంచి కిందికి.

ముందు ఉత్తరపు కొండ నెత్తిన... తర్వాత దాని ఎర్రమట్టి భుజం మీద... తర్వాత మొదటి వరస ఇళ్ళ రేకుల మీద. నది దాకా దిగేసరికి పది దాటుతుంది. లోయ అంత ఇరుకు. నారిన్ నది ఊరిని పక్కకు జరగనివ్వదు. ఊరు నదిని జరగనివ్వదు.

ఏప్రిల్ పొద్దుల్లో వాకిట్లో బెంచీ మీద కూర్చుంటాను. ఉప్పు వేసిన పాల చాయ్ గిన్నె రెండు చేతుల మధ్య. ఎండ దిగి రావడం చూస్తుంటాను. ఒక్కో మెట్టూ. తొందర లేకుండా.

రిటైరైన భూగోళం మాస్టారుకి అంతకన్నా పనేముంది.

అది నా చేతుల దాకా వచ్చినప్పుడు — ప్రతి రోజూ — ఎవరో పిలిచి ఇచ్చినట్టే ఉంటుంది.

నేను ఆ ఎండను చూస్తాను. అంతే.

నా మరదలు దాన్ని పట్టుకుంటుంది.

*

మైరంకాన్. నా భార్య బాత్మాకు చెల్లెలు. యాభై మూడేళ్ళు.

బజారు మూల మీద ఆమెకొక ఫొటో స్టూడియో ఉంది. తెల్లతెర, ఒక స్టూలు, ఒక అద్దం, దారానికి కట్టిన ఒక దువ్వెన. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరి మొహాలన్నీ ఆ స్టూలు మీద కూర్చుని లేచాయి.

“గడ్డం కాస్త ఎత్తు. నవ్వకు. నవ్వావంటే ఆఫీసులో తీసుకోరు.”

నవ్వని మొహాలు తీసి బతికింది నా మరదలు.

ఆదివారం మాత్రం స్టూడియోకి తాళం. పాత కారు కొండల్లోకి పోతుంది. అక్కడ ఆమె మొహాలు తీయదు. గుర్రాన్ని గుర్రంలా తీయదు. కొండను కొండలా తీయదు.

కెమెరా కన్ను తెరిచి ఉంచుతుంది... ఒక ఊపిరి సేపు. ఆ ఊపిరిలో చెయ్యి కదులుతుంది. ఎడమ నుంచి కుడికి, మెత్తగా, ఆగకుండా. వాళ్ళమ్మ చాప మీద ఉన్ని పరిచేటప్పుడు చెయ్యి ఎలా కదిలేదో — అచ్చం అలా.

మంచు ఒక తెల్లని చార అవుతుంది.

మట్టి ఒక గోధుమ దారం అవుతుంది.

దాటి పోతున్న గుర్రం... బూడిదరంగు నిట్టూర్పు అవుతుంది.

వస్తువులు పోతాయి. వాటి మీద పడిన వెలుగు మిగులుతుంది. రంగు మిగులుతుంది. ఆ పూట ఆ కొండ మనసు ఎలా ఉందో — అది మిగులుతుంది.

ఊళ్ళో నవ్వేవాళ్ళు. బజారులో మాంసం కొట్టు ముందు నిలబెట్టి మరీ అడిగేవాళ్ళు.

“మైరమక్కా, పాస్‌పోర్టు ఫొటోకి వణకని చెయ్యి కొండ మీదే ఎందుకు వణుకుతుందే?”

“చలేస్తుంది.”

“పోనీ కెమెరాకి ఓ కోటు కుట్టించరాదూ!”

“నీ పొట్టకి కుట్టగా మిగిలిన గుడ్డుంటే పంపించు, కుట్టిస్తాను.”

అలా అని నవ్వి వెళ్ళిపోయేది. నవ్వు మలుపు తిరిగే దాకే ఉండేది. నేను ఆ మలుపు అవతల నుంచి వస్తూ రెండు మూడుసార్లు చూశాను.

ఆమె చేతిలోని బంగాళాదుంపల సంచీ మాత్రం అందుకున్నాను.

*

మా భాషలో ఆకాశం — క్యోక్.

వసంతంలో మొలిచే మొదటి గడ్డి — అదీ క్యోక్.

బూడిదరంగు గుర్రం ఒళ్ళు — అదీ క్యోకే.

పరాయివాళ్ళు నవ్వుతారు, మీకు రంగులు వేరుగా కనపడవా అని. ఎందుకు కనపడవు? ఆకుపచ్చకు మాకు ఇంకో మాట కూడా ఉంది. కంచెలకు పూసే రంగు డబ్బాల మీద ఉంటుంది అది. గడ్డిని ఆ మాటతో పిలిస్తే గొర్రె కూడా తినదు.

చలికాలం చివర మా దగ్గర ఎవరూ ఎవరినీ బాగున్నావా అని అడగరు.

“క్యోక్ వచ్చిందా?” అంటారు.

వచ్చిందంటే గొర్రెలు బతికినట్టు. గొర్రెలు బతికితే మనుషులు బతికినట్టు. ఎండుగడ్డి వామి అడుగు కనపడే రోజుల్లో, ఆ ప్రశ్న అడగడానికి కూడా గొంతు కాస్త తగ్గుతుంది.

నాలుగేళ్ళ కిందటి మార్చిలో ఆ ప్రశ్నను నా బాత్మా రోజూ అడిగింది.

కిటికీ పక్క మంచం. లేచి కూర్చునే శక్తి లేదు. మా ఇంటి వెనక కొండ ఉత్తరం వైపు తిరిగి ఉంటుంది. అక్కడ మంచు ఆఖరున కరుగుతుంది. పొద్దున కళ్ళు తెరవగానే అడిగేది.

“క్యోక్ వచ్చిందా?”

“రేపు వస్తుందే.”

రేపు అని ఎన్నిసార్లు అన్నానో.

ఒక ఆదివారం మైరంకాన్ ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. ఆత్-బాషీ దారిలో, దక్షిణం వైపు తిరిగిన వాలు ఒకటుంది. అక్కడ రెండు వారాలు ముందే నేల మేలుకుంటుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. బూట్ల నిండా బురద. బూట్లు విప్పలేదు. బురదతోనే కంబళి తొక్కుకుంటూ వచ్చి, కెమెరా వెనక ఉన్న చిన్న తెరను అక్క కళ్ళ ముందు పెట్టింది.

పైన తెల్లగా ఒక చార. కింద అంతా — క్యోక్. పసుపు ఇంకా పూర్తిగా వదలని, నిన్ననే కళ్ళు తెరిచిన, పడుతూ లేస్తూ పరిగెత్తుతున్న క్యోక్.

బాత్మా చాలాసేపు చూసింది.

“ఒసేయ్,” అంది, “ఇందులో గాలి కూడా పడిందే.”

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఉంది.

ఆ తొమ్మిది రోజుల్లో మళ్ళీ అడగలేదు.

అయిదేళ్ళు కాలేజీ చదువులో, ముప్ఫై ఎనిమిదేళ్ళు బడి పాఠాల్లో, బొమ్మకు అర్థం చెప్పమని నన్ను ఎవరైనా అడిగారేమో గుర్తు లేదు. ఇప్పుడు అడిగితే ఆ తొమ్మిది రోజులు చెబుతాను.

*

ఈ వసంతంలో మైరంకాన్ బొమ్మలకు ఊరి సాంస్కృతిక భవనంలో ప్రదర్శన అన్నారు.

మొదటి ప్రదర్శన. యాభై మూడేళ్ళకు.

పన్నెండు బొమ్మలు. పదకొండు చిన్నవి, పక్క గోడలకు. ఎదురుగోడకు ఒక్కటే — నిలువెత్తుది. బాత్మా చూసిన క్యోక్.

దాని పేరు కూడా అదే. క్యోక్.

రాజధాని నుంచి కళాశాల పెద్దాయన ఒకరు వస్తారని, నచ్చిన బొమ్మను అక్కడి వసంత ప్రదర్శనకు తీసుకెళ్తారని భవనం అధికారి జుమాదిల్ చెప్పాడు. మైరంకాన్ ఆ మాట విననట్టే ఉంది. కానీ ఆ రోజు చాయ్‌లో ఉప్పు రెండుసార్లు వేసింది.

అంత పెద్ద బొమ్మ ముద్రించే యంత్రం మా ఊళ్ళో లేదు. రాజధానిలో ఒకచోట ఇవ్వాలి. స్టూడియోలో కూర్చుని చిన్న నమూనా తీసి చూసింది.

“గడ్డి కాస్త పలచబడింది బావా. వాళ్ళకి రాసి పంపాలి.”

కాగితం తీసుకుంది. ఆఫీసు కాగితాలన్నీ రష్యన్‌లో రాసినట్టే, అలవాటుగా రష్యన్‌లో మొదలుపెట్టింది. ఆ భాషలో గడ్డికొక మాట, ఆకాశానికొక మాట.

నేను కలం లాక్కున్నాను.

“మన గడ్డి గురించి చెప్పడానికి వాళ్ళ మాటెందుకే? మన బొమ్మ. మన మాట.”

నా దస్తూరి బాగుంటుంది. గుండ్రంగా, బారుగా, నల్లబల్ల మీద రాసినట్టు రాశాను.

క్యోక్ ఇంకాస్త చిక్కగా.

రాసి, కాస్త వెనక్కి వంగి చూసుకున్నాను కూడా. ఎంత అందమైన వాక్యం అనుకున్నాను.

*

ప్రదర్శన రోజు. మధ్యాహ్నం మూడింటికి మొదలు.

బొమ్మ ముందు రోజే రావాలి. దొలోన్ కనుమలో మంచు పడి బండ్లు ఆగిపోయాయి. పొద్దున పదిన్నరకు వ్యాను డ్రైవరు తురాత్ భవనం మెట్ల మీద పెద్ద చదరపు పెట్టె దింపాడు.

“మాస్టారూ, మీ కిటికీ అద్దం వచ్చింది. పగలకుండా తెచ్చాను, చూసుకోండి.”

“అద్దం కాదయ్యా, బొమ్మ.”

“బొమ్మా? ఇంతుందా? ఎవరి పెళ్ళిది?”

మైరంకాన్ కత్తితో పురికొస తెంపింది. అట్ట విప్పింది. పలచ కాగితం పక్కకు తీసింది.

నీలం.

పైన తెల్లని చార. కింద అంతా... నీలం.

లోతైన, చల్లని, నున్నని నీలం. మంచుకొండల కింద నిద్రపోతున్న సరస్సులా.

తురాత్ తొంగి చూసి అన్నాడు —

“బాగుందక్కా. ఇస్సిక్-కుల్ సరస్సేనా?”

మైరంకాన్ ఫోన్ తీసింది. నంబరు నొక్కే వేళ్ళు వణకలేదు. అది నేను చూశాను. అవతల బొమ్మ ముద్రించిన చోట పనిచేసే అమ్మాయి. గొంతు పెద్దగా వినపడుతోంది.

“అక్కా, అందిందా? ఎలా వచ్చింది?”

“గడ్డి ఏదమ్మా?”

“గడ్డేంటక్కా?”

“కింద ఉండాల్సిన గడ్డి.”

“అయ్యో... అది నీళ్ళు కాదా? మీరే కదక్కా రాశారు, క్యోక్ చిక్కగా అని! నీళ్ళ మీద పచ్చ మరక పడిందనుకున్నాం. ఆ మరక తీయడానికే రెండు రోజులు పట్టింది తెలుసా!”

మైరంకాన్ కళ్ళు మూసుకుంది.

“బాగా తీశావమ్మా,” అంది. “చుక్క కూడా మిగల్లేదు.”

ఫోన్ పెట్టేసింది.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

నా గుండ్రని అక్షరాలు. నా అందమైన వాక్యం. రష్యన్‌లో రాసి ఉంటే గడ్డి గడ్డిగా వచ్చేది. నా గర్వం ఒక కొండవాలునంతా నీట ముంచింది.

“నాదే తప్పు మైరమ్.”

ఆమె నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

“ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లలకి పటం చూపించావు బావా,” అంది. “ఇదిగో నేల, ఇదిగో నీళ్ళు అని. వాళ్ళందరూ ఏమైపోయుంటారో పాపం.”

అని, పక్కన కూర్చుంది. భుజానికి భుజం తగిలేలా.

అంత చాలు అనిపించింది నాకు. కానీ ప్రదర్శనకు చాలదు కదా. ఎదురుగోడ ఖాళీగా ఉంది.

*

జుమాదిల్ వచ్చాడు. టై కట్టుకుని, టై మీద చెయ్యి వేసుకుని, బొమ్మ చుట్టూ తిరిగాడు.

“ఏమైందిప్పుడు? అదిరిపోయిందిగా!”

“రంగు తప్పు పడింది.”

“కింద పేరేం రాశాం? క్యోక్. ఇదేంటి? క్యోక్. తప్పెక్కడుంది? ఎవడడుగుతాడు? ఆ వచ్చే పెద్దాయనకి నీలమంటే ప్రాణమట. నన్నడిగితే ఇది మీ అసలు బొమ్మకన్నా బాగుంది మైరమ్ గారూ. కనీసం ఇదేంటో తెలుస్తోంది — నీళ్ళు! అసలుది చూసి మా ఆవిడ ఏమందో తెలుసా? తివాచీ దులుపుతుంటే తీశారా అంది.”

అతను చెడ్డవాడు కాదు. బొమ్మ కింద పెట్టే పేరు చీటీ కూడా తప్పు కాదు. పేరు నిజమే. మాట నిజమే. బొమ్మ ఒక్కటే అబద్ధం.

ఒక్క క్షణం నేనూ అనుకున్నాను — ఉండనీ అని. దాచడమెందుకు. ఆ నీలం నిజంగా బాగుంది. అది గోడెక్కితే నా తప్పు కూడా తప్పు కాకుండా పోతుంది. నా మరదలు పేరు రాజధాని దాకా పోతుంది. ముప్ఫై ఏళ్ళ నవ్వులకు జవాబు దొరుకుతుంది.

ఎవరికీ తెలియదు.

మా ఇద్దరికీ తప్ప.

మైరంకాన్ నీలం ముందు నిలబడింది. ఆమె కూడా చూసింది. కళ్ళు చిట్లించి, తల పక్కకు వంచి, పరాయివాళ్ళ బొమ్మను చూసినట్టు, మర్యాదగా.

“బాగుంది,” అంది. “ఎవరు తీశారో గానీ.”

జుమాదిల్ నవ్వబోయి ఆగాడు.

“నేను తీసింది మాత్రం గడ్డి. అక్క చూసింది గడ్డి. నీళ్ళు చూపించి నా పేరు రాసుకోలేను జుమాదిల్.”

“మరి గోడకేం పెడతాం? ఇంకో నాలుగు గంటల్లో జనం వస్తారు. గుర్రం ఫొటో ఒకటుంది నా దగ్గర, స్పష్టంగా, వెంట్రుకలతో సహా కనపడుతుంది. పెట్టించనా?”

ఆమె వినడం లేదు. గోడను చూస్తోంది. అడుగులతో కొలుస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

“బావా, లే.”

“ఎక్కడికి?”

“స్టూడియోకి. పాస్‌పోర్టు మిషన్ ఉందిగా.”

*

ఒక కాగితం మీద ఎనిమిది మొహాలు పట్టే మిషన్ అది. అరచేయి కన్నా కాస్త పెద్ద కాగితం. అంతకు మించి ముద్రించలేదు.

మైరంకాన్ కంప్యూటర్ తెర మీద ఆ కొండవాలును కోసింది. గీతలు నిలువుగా, గీతలు అడ్డంగా. డెబ్బై ముక్కలు.

మిషన్ గుర్రుమంది. మొదటి కాగితం నాలుక బయట పెట్టింది.

తెల్లగా. మంచు.

రెండోది. మంచు.

పదిహేనోది... గోధుమ దారం.

ఇరవై రెండోది —

క్యోక్.

వెచ్చగా ఉంది కాగితం. అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా. నేను రెండు చేతులతో అందుకున్నాను.

తలుపు తట్టారు. ఎవరో పెద్దమనిషి, దువ్వుకుని వచ్చాడు. “పాస్‌పోర్టు ఫొటో కావాలమ్మా.”

“ఇవాళ మొహాలు లేవు,” అంది మైరంకాన్, తల తిప్పకుండా. “ఇవాళ గడ్డి.”

ఆయన ఒక నిమిషం నిలబడి, కిటికీలోంచి తొంగి చూసి, “ఎక్కడ మొలిచిందీ?” అని వెళ్ళిపోయాడు.

నేను వెనక అంకెలు వేస్తున్నాను. వరస, సంఖ్య. వరస, సంఖ్య. నా దస్తూరి మొదటిసారి పనికొచ్చే పని చేస్తోంది. తెల్ల అట్ట మీద అతికించడానికి ఆమె అంచులు కోస్తోంది. పాస్‌పోర్టు మొహాలు కోసే అదే కత్తెరతో. ముప్ఫై ఏళ్ళుగా ఒక వెంట్రుకవాసి కూడా తప్పని ఆ చేత్తో.

ఏ చెయ్యి వణుకుతుందని ఊరు నవ్విందో, ఆ చెయ్యి.

ఒకటిన్నర అయ్యేసరికి మిషన్ దగ్గింది. ఆగింది.

కాగితాలు అయిపోయాయి.

అరవై ఎనిమిది.

“పెట్టె ఇంకొకటి?”

“ఇంకో బండిలో ఉందేమో. దొలోన్ అవతల, మంచులో.” ఆమె నవ్వింది. ఆ రోజు మొదటిసారి. “రెండు ముక్కలు తక్కువ బావా.”

“కింద మూలన వదిలేయ్. ఎవరికీ కనపడదు.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“మూలన దాస్తే తప్పులా ఉంటుంది.”

రెండు గడ్డి ముక్కలు తీసి, ఖాళీగా మిగలాల్సిన మూలకు అతికించింది. అవి తీసిన చోట్లు — గడ్డి మధ్యలో, ఒకటి ఎడమకు, ఒకటి కాస్త పైకి — ఖాళీగా ఉంచింది. తెల్ల అట్ట కనపడుతోంది. రంగు కాస్త అటూ ఇటూ అయింది. గాలి దిశ మాత్రం మారలేదు.

*

రెండున్నర.

గోడ మీదికి ఎక్కించాం. నేను, జుమాదిల్, వ్యాను తురాత్. తురాత్ వెళ్ళిపోవాల్సినవాడు. కానీ వెళ్ళలేదు. “కిటికీ అద్దం తెచ్చినవాణ్ణి, బిగించడం చూసి పోతాను,” అన్నాడు.

వెనక్కి అడుగులు వేశాం. ఒకటి. రెండు. ఆరు.

అతుకులు కనపడుతున్నాయి. దాచలేదు. ఒక్కో ముక్క రంగు ఒక్కో రకం. మిషన్ అలసిపోయిన కొద్దీ పచ్చదనం మారింది. పై వరసలో పసుపు ఎక్కువ. కింది వరసల్లో తడి ఎక్కువ. ఎవరో డెబ్బై కిటికీల్లోంచి ఒకే వాలును చూసినట్టు.

పరిగెత్తుతోంది.

అతుకు దగ్గర ఆగి... దాటి... పరిగెత్తుతోంది.

నా జీవితంలో గర్వపడ్డ రోజులు కొన్ని ఉన్నాయి. డిప్లొమా చేతికొచ్చిన రోజు. బాత్మా వాళ్ళ నాన్న నన్ను ఒప్పుకున్న రోజు. అవన్నీ నాకు దక్కినవి. ఇది నాకు దక్కింది కాదు. నేను పాడుచేసింది, ఆమె నిలబెట్టింది.

అయినా ఛాతీ అంత వెడల్పు ఎప్పుడూ కాలేదు.

జుమాదిల్ టై సర్దుకున్నాడు. దగ్గాడు.

“ఆ నీలందాన్ని ఏం చేస్తారు?”

“ఎందుకు?”

“అంటే... మా ఆఫీసులో గోడ ఒకటి బోసిగా ఉంది.”

“తీసుకో,” అంది మైరంకాన్. “కానీ కింద నా పేరు వద్దు. ‘సరస్సు’ అని రాయి. మీ ఆవిడకి అర్థమవుతుంది.”

*

జనం వచ్చారు.

మాంసం కొట్టు నుంచి వచ్చారు. బడి నుంచి వచ్చారు. నవ్వడానికి వచ్చినవాళ్ళూ వచ్చారు. నూనెలో వేయించిన బోర్సోక్‌లు నములుతూ, చాయ్ గిన్నెలు పట్టుకుని, పక్క గోడల వెంట నడిచారు. ఎదురుగోడ దగ్గరికి వచ్చేసరికి నమలడం ఆగుతోంది. కొందరు నవ్వారు కూడా. “ఒకే బొమ్మకి ఇన్ని పాస్‌పోర్టులా!” అన్నాడు ఒకడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

రాజధాని పెద్దాయన వచ్చాడు. సన్నగా, తెల్ల గడ్డంతో, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని. క్యోక్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఖాళీల దగ్గర ఇంకాసేపు.

“ఇలా ముక్కలుగా చేయాలని ముందే అనుకున్నారా?”

అవునంటే చాలు. జుమాదిల్ వెనక నుంచి తల పైకీ కిందికీ ఆడిస్తున్నాడు — అవునను, అవునను...

“లేదండీ,” అంది మైరంకాన్. “మా బావ ఒక మాట రాశాడు. అది తప్పుగా అర్థమైంది. తర్వాత కాగితాలు అయిపోయాయి.”

ఆయన నా వైపు చూశాడు. నేను చూపు దించలేదు. ఆ తప్పు నాది. ఆ మరదలూ నాదే.

చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో చూపించలేదు. పక్క బొమ్మ దగ్గరికి కదిలాడు.

మైరంకాన్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

అప్పుడే గుంపులోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. ఎగువ లోయ మనిషి. బురద ఆరిన బూట్లు, గొర్రెబొచ్చు కోటు, చెవుల మీదికి గట్టిగా బిగించిన రుమాలు. బొమ్మలు చూడ్డానికి వచ్చినట్టు లేదు. బయట చలి, లోపల చాయ్ ఉందని ఎవరో చెప్పి ఉంటారు.

చాయ్ గిన్నె చేతిలోనే ఉంది. తాగడం లేదు.

దగ్గరికి వెళ్ళింది. ఇంకా దగ్గరికి. ముక్కు తగిలేంత దగ్గరికి. తర్వాత వెనక్కి వచ్చి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. దూరంగా ఉన్న మందను చూసేవాళ్ళు పెట్టుకున్నట్టు.

“ఏ వాలమ్మా ఇది?”

మైరంకాన్ వెనక్కి కట్టుకున్న చేతులు విప్పింది.

“మా వైపు ఇంకా రాలేదే. వామి అడుగు కనపడుతోంది. గొర్రెలు కంచె కర్రలు కొరుకుతున్నాయి.” చేత్తో ఖాళీ ముక్కలను చూపించింది. “ఇక్కడా పూర్తిగా కరగలేదనుకో... ఆ రెండు చోట్లా ఇంకా ఉంది మంచు. అయినా వచ్చిందే తల్లీ. ఏ వాలిది? చెప్పు.”

ముప్ఫై ఏళ్ళు. చెయ్యి వణికిందా అని అడిగారు. కెమెరా పాడైందా అని అడిగారు. ఇదేంటి అని అడిగారు.

ఏ వాలు అని ఎవరూ అడగలేదు.

“ఆత్-బాషీ దారిలో అవ్వా,” అంది నా మరదలు. “దక్షిణం మొహం వాలు. కానీ... ఇది ఇప్పటిది కాదు. నాలుగేళ్ళ కిందటిది.”

ముసలామె ఆలోచించింది. చాయ్ ఒక గుక్క తాగింది.

“నాలుగేళ్ళ కిందటిదైతే ఏం,” అంది. “వచ్చిందేగా.”

అంతే. గిన్నె కిటికీ అంచున పెట్టి, కోటు మెడ దగ్గరికి లాక్కుని, వెళ్ళలేదు... అక్కడే నిలబడింది. ఆమె పక్కన ఇంకొకామె వచ్చి నిలబడింది. తర్వాత మాంసం కొట్టతను.

మైరంకాన్ నా పక్కకు వచ్చింది. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం ఎదురుగోడనే చూస్తున్నాం.

పెద్దాయన అవతలి మూల నుంచి వెనక్కి తిరిగాడు. పుస్తకం మళ్ళీ తెరిచాడు. కలం ఎత్తి పట్టుకున్నాడు. ఇంకా రాయలేదు.

బయట పొద్దు పడమటి కొండ వెనక్కి వాలుతోంది. మా ఊళ్ళోకి దిగి వచ్చిన ఎండ ఇక వెనక్కి పోవాలి. పోయేటప్పుడు అది ఎక్కి పోతుంది.

కిటికీలోంచి వచ్చి నేల మీద పడింది. గోడ మొదలుకు చేరింది. కింది వరస ముక్కలు వెలిగాయి. ఆ పై వరస. ఆ పై వరస...

అతుకు దగ్గర ఆగి —

దాటి —

ఎక్కుతోంది. ఒక్కో మెట్టూ. తొందర లేకుండా.

కింది నుంచి పైకి.